సూది కోసం సిఫారసు

మనవాళ్ళకి సూదంటే ఉన్న భయం పోగొట్టడం డాక్టర్ల వల్ల కాలేదు, ప్రభుత్వ ప్రకటనల వల్ల కాలేదు, కరోనా రోజుల్లో ఫోన్ చేసినప్పుడల్లా ముందు దగ్గి తర్వాత హితబోధ చేసిన కాలర్ ట్యూన్ వల్ల కూడా కాలేదు. ఆ ఘనకార్యం చేసింది ఒక్క బోర్డు. దాని మీద రాసింది రెండే మాటలు: "స్టాకు లేదు".

2021 జనవరి 16న దేశంలో కరోనా టీకాలు మొదలయ్యాయి. మొదటి వంతు డాక్టర్లు, నర్సులు, ఆశా కార్యకర్తలది. మా బావమరిది తృప్తిగా తలాడించి, "ముందు వాళ్ళని వేయించుకోనీ బావా, ఏమవుతుందో చూద్దాం" అన్నాడు. మనల్ని కాపాడాల్సినవాళ్ళ మీద ప్రయోగం చేసి, బతికితే వాళ్ళ చేతే మనం వేయించుకోవాలన్నది వాడి ఆలోచన.

మార్చి 1 నుంచి అరవై నిండినవాళ్ళకి అన్నారు. మా వీధిలో రిటైరై చాలా కాలంగా పింఛను తీసుకుంటున్న మాస్టారు ఒకాయన, ఇంటికొచ్చిన ఏఎన్ఎంతో "నాకింకా అరవై నిండలేదమ్మా" అని వాదనకి దిగారు. ఏప్రిల్ 1 నుంచి నలభై ఐదు దాటిన అందరికీ అన్నారు. ఇక నేను తప్పించుకునే దారి లేదు. నా వయసు మా ఆవిడకి తెలుసు.

టీకా కేంద్రంలో మొదటి డోసు రోజున జనం లేరు. కోవిషీల్డ్ సీసాలో పది డోసులుంటాయి. ఒకసారి తెరిస్తే నాలుగు గంటల్లో వాడెయ్యాలి. అందుకని ఏఎన్ఎం గుమ్మంలో నిలబడి తలలు లెక్కపెడుతోంది. "ఇంకో ఇద్దరొస్తే సీసా తీస్తాను బాబాయ్ గారూ, మీకు తెలిసినవాళ్ళుంటే పిలవండి" అంది. బావమరిదికి ఫోన్ చేశాను. కాలర్ ట్యూన్ పలికింది గానీ వాడు ఎత్తలేదు.

మా ఆవిడ వాళ్ళ అక్కతో కలిసి ఇంకో కేంద్రానికి వెళ్ళి కోవాగ్జిన్ వేయించుకుంది. ఆవిడది హైదరాబాదు జీనోమ్ వ్యాలీలో తయారైన సరుకు, నాది పుణె సరుకు. ఆ తేడా అప్పుడు పట్టించుకోలేదు. మే నెలలో తెలిసొచ్చింది. కోవాగ్జిన్‌కి నాలుగు వారాలు దాటితే చాలు, రెండో డోసు. ఆవిడ హాయిగా పూర్తి చేసుకుని, చేతికి సంచి తగిలించుకుని బజారుకెళ్ళడం మొదలుపెట్టింది. నేను గేటు దాటబోతే "మీకు సగమే అయింది, లోపలికి నడవండి" అనేది.

నా రెండో డోసు మాత్రం నేను దగ్గరికి వెళ్ళేకొద్దీ దూరం జరిగింది. మొదట్లో, అంటే నా వంతు రాకముందు, నాలుగు నుంచి ఆరు వారాలన్నారు. మార్చి 22న ఆరు నుంచి ఎనిమిదైతే మేలన్నారు. మే 13న పన్నెండు నుంచి పదహారు చేశారు. ఎడం పెరిగితే రక్షణ పెరుగుతుందని ఈ టీకాని రూపొందించిన ఆక్స్‌ఫర్డ్ వాళ్ళ పరీక్షల్లో తేలిన మాట నిజమే. ఆరు వారాల లోపు ఎడంతో 55 శాతం పనిచేసిన టీకా, పన్నెండు వారాలు దాటితే 81 శాతం పనిచేసిందని ఫిబ్రవరిలోనే లాన్సెట్ పత్రికలో వచ్చింది. కానీ ఫిబ్రవరి నాటి శాస్త్రం మన దగ్గర టీకాలు నిండుకున్న మే నెలలో గుర్తుకు రావడం మా బావమరిదికి నచ్చలేదు. "అప్పు తీర్చలేనివాడు వాయిదా అడుగుతూ, ఆలస్యమైతే నీకే వడ్డీ ఎక్కువొస్తుంది కదా అన్నట్టుంది బావా" అన్నాడు.

అప్పటికి వాడూ మారిపోయాడు. మొదటి డోసు కోసం కౌన్సిలర్ గారి చుట్టూ తిరుగుతున్నాడు. కేంద్రంలోనేమో ముందు రెండో డోసు వాళ్ళకే అంటున్నారు. మా ఆంధ్రప్రదేశ్‌లో మే 5 నుంచి మధ్యాహ్నం పన్నెండుకే కర్ఫ్యూ. అందుకని తెల్లారకముందే క్యూ. క్యూలో మనుషులకన్నా ముందు చెప్పులు, సంచులు, ఇటుకరాళ్ళు నిలబడేవి. భౌతిక దూరం కచ్చితంగా పాటించినవి ఆ చెప్పులే. వాటి యజమానులంతా చెట్టు కింద ఒకేచోట చేరి, గుంపులుగా చేరితే ఎంత ప్రమాదమో చర్చించుకునేవారు. మార్చిలో అరవై నిండని మాస్టారు అందరికన్నా ముందు నిలబడి, "డెబ్బయ్యోపడిలో పడ్డవాణ్ణి, నన్నా ఆపుతావు!" అని ఆధార్ కార్డు ఊపుతున్నారు.

చివరికి జూలైలో నా వంతొచ్చింది. మొదటి డోసుకి జ్వరం వస్తే డోలో 650 మింగి, ఈ టీకా మనకి పడదేమో అని మూలిగాను. రెండో డోసుకి ఏమీ రాలేదు. దాంతో "నీళ్ళు గానీ ఎక్కించలేదు కదా?" అని అనుమానం. రాత్రంతా గంటగంటకీ థర్మామీటరు పెట్టుకున్నాను. మా ఆవిడ విసుక్కుని, "జ్వరమొస్తే వచ్చిందని ఏడుపు, రాకపోతే రాలేదని ఏడుపు" అని అటు తిరిగి పడుకుంది. తెల్లారాక ప్రధానమంత్రి గారి ఫొటోతో సర్టిఫికెట్ వచ్చింది. లామినేషన్ చేయించి బీరువాలో ఇంటి దస్తావేజుల పక్కన పెట్టాం.

2022లో సీను తిరగబడింది. మూడోది, ప్రికాషన్ డోసు. ఏప్రిల్‌లో పద్దెనిమిది నిండినవాళ్ళందరికీ ప్రైవేటు ఆసుపత్రుల్లో తెరిచారు. కోవిషీల్డ్ తయారుచేసే సీరమ్, కోవాగ్జిన్ తయారుచేసే భారత్ బయోటెక్ రెండూ ధర 225 రూపాయలకి దించాయి. ఎవరూ కదల్లేదు. జూలైలో రెండో డోసుకీ దీనికీ మధ్య తొమ్మిది నెలల ఎడాన్ని ఆరుకి తగ్గించారు. పోయినేడాది పరుగెత్తిపోయిన తేదీ ఈసారి తనే ఎదురొచ్చింది. అయినా కదల్లేదు. జూలై 15 నుంచి 75 రోజులు ఉచితం అన్నారు. ఉచితమనగానే అసలు పనిచేస్తుందా అని అనుమానం వచ్చింది.

చివరికి ఏఎన్ఎం ఐసు డబ్బా భుజాన వేసుకుని మా వీధికే వచ్చింది. అరుగు మీద కూర్చుని గంటసేపు పిలిచింది. మాస్టారు కిటికీ మూసుకున్నారు. మా బావమరిది వంట్లో బాగోలేదన్నాడు. అప్పుడా అమ్మాయి ఫోను చెవి దగ్గర పెట్టుకుని, వీధి మొత్తానికి వినబడేలా, "లేదు మేడమ్, ఇంకో ముగ్గురికే ఉంది, మళ్ళీ ఎప్పుడొస్తుందో నాకూ తెలీదు" అంది. ఫోను అసలు మోగలేదని పక్కనే ఉన్న నాకు తెలుసు.

కిటికీ తెరుచుకుంది. తలుపులు తెరుచుకున్నాయి. అరుగు ముందు మళ్ళీ చెప్పులు వరసకట్టాయి. ఆ అమ్మాయి నవ్వకుండా డబ్బాలోంచి సీసా తర్వాత సీసా తీస్తూనే ఉంది. ఇంతలో చొక్కా చెయ్యి మడుచుకుంటూ పరుగెత్తుకొచ్చాడు మా బావమరిది. నా చెవిలో అన్నాడు కదా, "బావా, ఆవిడ నీకు తెలుసుగా, నా గురించి ఒక్కమాట చెప్పవూ!"