రెండు మూటలు

ఆ పూట వేట సరిగా సాగలేదు. ఏడు గంటలకల్లా పడవలు మైపాడు ఒడ్డెక్కేశాయి, మనుషులు టీ కొట్టు ముందు చేరారు. చేపల లెక్క త్వరగా తేలిన రోజున ఊళ్ళో లోకం సంగతులు ఎక్కువ నడుస్తాయి. ఆ రోజు మాట చెన్నై మీదికి పోయింది. చెన్నై, తిరుపతి, నెల్లూరు మూడూ కలిసి ఒకే మహానగరం అవుతాయన్న కబురు నెల్లూరు జిల్లాలో కొన్నేళ్ళుగా వింటున్నదే.

“అట్టయితే ఇంక మనం గూడా చెన్నైవోళ్ళమే,” అన్నాడొక కుర్రాడు వల చిక్కు తీస్తూ.

“మదరాసు మనదే అని మా నాయన కాలంలో గొంతులు పోయేటట్టు అరిసినారు. 53లో రాష్ట్రం వచ్చింది, మదరాసు పోయింది. ఇప్పుడు మళ్ళీ కలిసేదేందిరా?” అన్నాడు పక్కనున్న పెద్దాయన.

పట్టణాల గురించి చాలా ఏళ్ళుగా రాస్తున్నవాణ్ణి. స్నేహితుడి ఇంట్లో రెండు రోజులుందామని వచ్చాను, రాత్రికి నెల్లూరులో రైలు. నా ఎదుట ఈ మాట వస్తే ఊరికే కూర్చోలేను. గ్లాసు పట్టుకుని మొదలుపెట్టాను.

చెన్నై మహానగర పరిధిని తమిళనాడు ప్రభుత్వం 2022లో 1,189 చదరపు కిలోమీటర్ల నుంచి 5,904కి పెంచింది. ఎంత పెంచినా ఆ గీత రాష్ట్రం సరిహద్దు దగ్గర ఆగాల్సిందే. తడ ఇవతల వాళ్ళ మాట చెల్లదు. ఢిల్లీకీ ఇదే చిక్కు వచ్చింది. హర్యానా, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్ మూడూ ఒప్పుకున్నాక 1985లో పార్లమెంటు చట్టం చేస్తేగాని రాజధాని ప్రాంతానికి ఉమ్మడి ప్రణాళిక కుదరలేదు. అయితే జనం చట్టం కోసం ఆగరు. చెన్నై లోకల్ రైలు ఇవాళ సూళ్ళూరుపేట దాకా వస్తుంది. తెల్లారక ముందే టిఫిన్ క్యారియర్ పట్టుకుని అందులో ఎక్కి, చీకటి పడ్డాక దిగేవాళ్ళకి తమది ఏ ఊరని చెప్పాలి? నా లెక్కలో ఊళ్ళు కలవడమంటే అదీ. మనిషి పొద్దున పోయి సాయంత్రం తిరిగి రాగలిగితే ఆ రెండూ ఒక ఊరే.

“మా తాత బకింగ్‌హాం కాలవలో పడవేసుకోని మదరాసు పోయొచ్చేవోడంట. ఉప్పు, కట్టెలు,” అన్నాడు పెద్దాయన. “అప్పుడే కలిసుండినాయి. కాలవ పూడింది, అదీ పోయింది.”

ఆ మాట నాకు బాగా నచ్చింది. కలిసినవి విడిపోవడమూ ఉందని హుబ్లీ, ధార్వాడ సంగతి చెప్పాను. 1962లో రెండింటికీ ఒకే కార్పొరేషన్ పెట్టారు. అరవై ఏళ్ళు దాటాక, ధార్వాడకు వేరే కార్పొరేషన్ ఇవ్వాలని కర్ణాటక మంత్రివర్గం 2025 జనవరిలో నిర్ణయించింది.

కొట్టుకు నాలుగడుగుల దూరంలో ఒకామె టార్పాలిన్ పట్టా మీద నెత్తళ్ళు తిరగేస్తోంది. నేను మాట్లాడినంతసేపూ ఆమె చెయ్యి ఆగి ఆగి కదలడం చూస్తూనే ఉన్నాను. కాసేపటికి లేచి, పట్టా వారగా పెట్టిన రెండు మూటలు తెచ్చి నా ముందు పెట్టింది. పాలిథిన్ కవరు, దాని మీద పేపరు, దాని మీద పాత చీర గుడ్డ. రైల్లో పక్కవాళ్ళు ముక్కు మూసుకోకుండా అంత జాగ్రత్తగా కట్టింది. ఒకదానికి ఎర్ర పీలిక ముడి, ఇంకోదానికి పచ్చ పీలిక.

“అబ్బయ్యా, నువ్వు పోయేది యా ఊరికి? హైదరాబాదుకా, సికింద్రాబాదుకా?”

“రైలు సికింద్రాబాదుకే పెద్దమ్మా.”

“అట్టయితే యర్ర మూట తీసకపో. అది మా పెద్దోడిది. వాడిది సికింద్రాబాదు. చిన్నోడు హైదరాబాదులో ఉండాడు. రెండూళ్ళూ తిరగాలంటే నీకు కష్టం. పచ్చది ఇంకెవురన్నా బస్సులో పోయేప్పుడు పంపుతాలే. నాకు చదువు రాదు, అందుకే రంగులు.”

రైలు పోయేది సికింద్రాబాదు, బస్సు పోయేది హైదరాబాదు. రెండు ఊళ్ళకీ ఆమె పెట్టుకున్న గుర్తు అది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంతసేపూ ఎక్కడెక్కడి ఊళ్ళో చెప్పాను, ఇది నా కళ్ళ ముందున్న ఊరు.

“రెండూ ఒకటే ఊరు పెద్దమ్మా! ఎప్పుడో కలిసిపోయాయి.”

ఆమె ముఖం విప్పారింది. నిలబడినచోటే కూలబడి, చెప్పమన్నట్టు చూసింది. చెప్పాను. ఒకటి నవాబుల ఊరు, రెండోది తెల్లవాళ్ళ దండు దిగిన ఊరు. 1806లో ఆ దండు చోటుకి మూడో నిజాం సికందర్ జా పేరు పెట్టారు. మధ్యలో హుస్సేన్ సాగర్ చెరువు, దాని కట్టే రెండు ఊళ్ళకీ దారి. సికింద్రాబాదుకు కొన్నాళ్ళు విడిగా కార్పొరేషనే ఉండేది. 1960 ఆగస్టు 3న రెండు కార్పొరేషన్లనూ ఒకటి చేశారు. 2007లో చుట్టూ ఉన్న పన్నెండు మునిసిపాలిటీలు, ఎనిమిది పంచాయతీలు కూడా వచ్చి చేరాయి. జంటనగరాలన్న పిలుపు మిగిలింది గాని ఎక్కడ ఒకటి అయిపోయి ఎక్కడ రెండోది మొదలవుతుందో అక్కడే పుట్టినవాళ్ళు కూడా చెప్పలేరు.

పెద్దాయన నా మోచెయ్యి తట్టాడు. టీ చల్లారిపోతోందని గుర్తుచేస్తున్నాడనుకున్నాను.

“అడ్రసులున్నాయా?” అన్నాను.

రవికెలోంచి చిన్న పర్సు తీసి, అందులోంచి మడతలు పడిన నోటుబుక్కు కాగితం ఇచ్చింది. ఎవరో బడిపిల్లల రాత. పైన తార్నాక, సికింద్రాబాదు. కింద విద్యానగర్, హైదరాబాదు.

“ఇంకేం! ఈ రెండింటికీ మధ్య ఉన్నది ఉస్మానియా యూనివర్సిటీ, అంతే. ఆటో ఎక్కితే పావుగంట. ఓపికుంటే నడిచే పోవచ్చు. పెద్దబ్బాయి ఇంట్లో టీ తాగి, చిన్నబ్బాయి ఇంట్లో టిఫిన్ తింటాను. రెండు మూటలూ నాకే ఇచ్చెయ్యి పెద్దమ్మా.”

ఎవరూ నవ్వలేదు. తలెత్తి చూశాను. కుర్రాడు వల మీదికి వంగిపోయి ఉన్నాడు. కొట్టాయన అడుగంటని పాలను గరిటెతో తిప్పుతున్నాడు. పెద్దాయన సముద్రం వైపు తిరిగి కూర్చున్నాడు. ఆమె ముఖంలోకి ఒక్కరూ చూడటం లేదు. ఊరందరికీ తెలిసిన సంగతి, ఇన్నేళ్ళుగా ఏ ఒక్కరూ ఆమె దగ్గర అనని సంగతి, పొరుగూరి నుంచి వచ్చి నేను అనేశానని అప్పుడు అర్థమైంది.

“ఆటోలో పావుగంటా?” అంది.

నేను తలూపానో లేదో గుర్తులేదు.

“వాళ్ళ నాయన నెల్లూరు ఆస్పత్రిలో పద్దెనిమిది దినాలు ఉండాడబ్బయ్యా. పెద్దోడు ఒకపూట వచ్చినాడు. తమ్ముడేడిరా అంటే, వాడిది వేరే ఊరు మా, కనపడి రెండేండ్లయింది అన్నాడు. చిన్నోడికి ఫోన్ చేయిస్తే, అన్నది వేరే ఊరు మా, కలిసొద్దామంటే కుదర్లా అన్నాడు. ఆయన పోయేదాకా వాకిలి తట్టే చూసినాడు. చిన్నోడు మూడోదినానికి వచ్చినాడు.” ఎండిన నెత్తలి పొలుసు ఒకటి చీర కుచ్చిళ్ళకు అంటుకుని ఉంటే గోటితో గీకింది. “వేరే వేరే ఊళ్ళు గదా, బిడ్డలు మాత్రం ఏం చేస్తారని ఆయనకి నేనే సర్దిచెప్పినా.”

అలల చప్పుడు తప్ప ఏమీ లేదు.

“ఎప్పుడు కలిపినారన్నావు?”

“1960లో పెద్దమ్మా.”

వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంది. “84 గాలివానకి మా పెద్దోడు మూడేండ్ల బిడ్డ. చంకనేసుకోని సరుగుడు తోపులో పరిగెత్తినా,” అంది. లెక్క అక్కడే ఆపేసింది.

ఆ కాగితం తిరిగి ఇవ్వబోయాను, వద్దంది. ఎర్ర ముడి, పచ్చ ముడి రెండూ మరోసారి పళ్ళతో లాగి బిగించి, మూటలు నా చేతుల్లో పెట్టింది.

“రెండూ పెద్దోడికే ఇయ్యబ్బయ్యా. పచ్చది తమ్ముడికి ఇచ్చిరమ్మన్నానని చెప్పు.” పట్టా వైపు రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. “మీది ఒకటే ఊరంట గదరా అని, మీ అమ్మ అడిగిందని గూడా చెప్పు.”