పెరటి చెట్టు

మా బాబాయి ఇంగ్లండు నైరుతి తీరాన ఉన్న టార్కీలో డాక్టరుగా పనిచేసేవాడు. గుంటూరు ఎండల్లో పెరిగిన మనిషి. ఆ దేశంలో ఎన్నో ఊళ్లుండగా ఆయన ఆ ఊరినే పట్టుకుని ఉండిపోవడానికి కారణం అక్కడి చెట్లేనని పిన్ని అంటుంది. సముద్రం పక్కనుండటం వల్ల అక్కడ చలి అంతగా కొరకదు. అందుకే ఇళ్ల ముందు తాటిమొక్కల్లాంటివి పెంచుకుంటారు. వాటిని టార్బే పామ్ అని పిలుస్తారు. అసలు పేరు కార్డిలైన్. తాటికీ కొబ్బరికీ దానికీ చుట్టరికం లేదు. అది పిల్లితేగల కుటుంబానికి చెందిన మొక్క.

బాబాయి పెంచింది ఊదారంగు ఆకుల రకం. మొగలిరేకుల్లా పొడుగాటి ఆకులు మొవ్వులోంచి నలువైపులా విచ్చుకుని ఉండేవి. పొద్దుటెండ పడితే ముదురు నేరేడు రంగులో మెరిసిపోయేవి. ఈ రంగు రకాలు పచ్చ రకంకన్నా చలికి సుకుమారం. మొవ్వులో నీళ్లు నిలిచి గడ్డకట్టాయంటే లోపలి లేత భాగం కుళ్లిపోతుంది. అందుకని చలికాలం మొదలవగానే ఆకులన్నీ పైకి ఎత్తి తాడుతో జుట్టుముడి వేసినట్టు కట్టేవాడు. వేళ్ల దగ్గర తడి ఆగకుండా మట్టిలో గులక కలిపేవాడు. అది ఇంకా పూతకు రాలేదు. ఒక్క కాండంతో నిటారుగా ఎదుగుతోంది. ఎప్పుడు పూస్తుందా అని ఎదురుచూసేవాడు.

2010 డిసెంబరు వచ్చింది. బ్రిటన్ వందేళ్లలో అంత చల్లని డిసెంబరు చూడలేదు. ఆకులు కట్టినా లాభం లేకపోయింది. చలి తగ్గేసరికి చెట్టు కాండం మెత్తబడిపోయింది. బెరడు చేతికి ఊడి వస్తోంది. తోటమాలి వచ్చి నొక్కి చూశాడు. దుంపతో సహా తవ్వేసి ఇంకేదైనా పెట్టుకోమన్నాడు.

"కాండం కొయ్యి. దుంప జోలికి మాత్రం పోకు. అడుగున ప్రాణం ఉంది," అన్నాడు బాబాయి.

నెలలు గడిచాయి. ఇరుగుపొరుగు ఆ మోడును చూసి జాలిపడ్డారు. వేసవిలో మొదలు చుట్టూ ఊదారంగు చిగుళ్లు నేలను చీల్చుకుని లేచాయి. ఆ ఫోటో బాబాయి బంధువులందరికీ పంపాడు. నాకూ వచ్చింది. అందరూ చచ్చిందని తేల్చేసినదాని పక్కన అన్ని నెలలు నమ్మకంగా కూచోవడం చిన్న సంగతి కాదు. ఆయన చేతిలో ఎంతమంది రోగులు బతికి ఉంటారో అనిపించింది నాకు.

రిటైరయ్యాక కూతురికి దగ్గరగా ఉంటుందని ఇద్దరూ న్యూజిలాండు వెళ్లారు. ఆక్లండ్‌లో పాత ఇల్లు కొన్నారు. పెరట్లో ఇంటికన్నా ఎత్తైన చెట్టొకటి ఉండేది. బూడిదరంగు బెరడు నిండా నెర్రెలు. పైన కొమ్మలు చీలి, చీలిన చోట మళ్లీ చీలి, ప్రతి కొసనా పచ్చటి ఆకుల గుత్తి. రాలిన ఆకులు ఒట్టి పీచు. ఓ పట్టాన కుళ్లవు. గడ్డి కోసే మిషను బ్లేడుకు చుట్టుకుని దాన్ని ఆపేస్తాయి. బాబాయికి వాటిని విప్పడమే పనైంది.

"పాపం పావురాలు వాలుతున్నాయండీ, ఉండనివ్వండి," అంది పిన్ని.

"నేను ఇక్కడ పెట్టబోయే ఊదా చెట్టుకు కావలసిన ఎండంతా అదే మింగేస్తోంది," అన్నాడు బాబాయి. మనుషుల్ని పిలిపించి కొట్టించేశాడు.

నేను వాళ్లింటికి వెళ్లినప్పుడు ముగ్గురం కలిసి నర్సరీకి వెళ్లాం. దాన్ని నడిపేది ఒక మావోరీ పెద్దావిడ. బాబాయి టార్కీ చెట్టు ఫోటో చూపించి, ఇలాంటిది ఇక్కడ దొరుకుతుందా అని అడిగాడు.

ఆవిడ మొహం విప్పారింది. "దొరక్కపోవడమేమిటి? పుట్టిందే ఇక్కడ. తీ కౌకా అంటాం. మా పెద్దవాళ్లు దీని దుంపను గోతి పొయ్యిలో కాల్చి తీపి తీసేవాళ్లు. ఆకులతో తాళ్లు పేనేవాళ్లు, చెప్పులు అల్లుకునేవాళ్లు. మీరు పెంచింది రంగు రకం. ఎక్కడ పెడదామనుకుంటున్నారు?"

ఇల్లు కొనేటప్పుడు తీసిన పెరటి ఫోటో ఒకటి బాబాయి ఫోనులో ఉంది. అది చూపించి, ఎండ ఎటునుంచి వస్తుందో చెప్పబోయాడు. ఆవిడ ఫోను చేతిలోకి తీసుకుని ఫోటో పెద్దది చేసింది. చాలాసేపు చూసింది.

"ఇంత చెట్టు పెరట్లో పెట్టుకుని నా దగ్గరకు వచ్చారేం? ఇదీ అదేగా! ఆకు పచ్చన, అంతే తేడా. పూసిన చోటల్లా కొమ్మ చీలుతుంది దీనికి. ఈ చీలికలు చూడండి, ఎన్నిసార్లు పూసి ఉంటుందో! 1987లో ఉత్తరాన తెగులొకటి బయటపడింది. నిక్షేపంలాంటి చెట్లు నెలల్లో ఆకు రాల్చి చచ్చిపోయాయి. ఈ చుట్టుపక్కల ఎన్ని పోయాయో. అలాంటి తెగులుకూ చిక్కకుండా నిలిచిన చెట్టండీ ఇది."

బాబాయి మాట్లాడలేదు. పిన్నే చెప్పింది, కొట్టించేశామని.

ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుంది. "బాధపడకండి డాక్టరుగారూ. దీని సంగతి మీకు తెలియనిదా? దుంప ఉంటే చాలు, మళ్లీ లేస్తుంది."

"కొట్టినవాళ్లూ అదే చెప్పారు," అన్నాడు బాబాయి. "లేవకూడదనే, పైన డబ్బిచ్చి దుంప కూడా పొడి చేయించాను."