పొట్టివాళ్ళకు తలకిందుల సలహాలు

రాజమండ్రిలోనో కాకినాడలోనో భీమవరంలోనో సాయంత్రం పూట ఏ కరాటే క్లాసుకైనా, కిక్‌బాక్సింగ్ క్లాసుకైనా వెళ్ళి చూడండి. స్పారింగ్ (జోడీ సాధన) మొదలవగానే ఒక పొడుగు కుర్రాడి ఎదుట ఒక పొట్టి కుర్రాడు నిలబడతాడు. గోడవార కూర్చున్నవాళ్ళు సలహాలు మొదలుపెడతారు. "దూసుకెళ్ళిపోరా!" "తల మీద కొట్టు, తల మీద!" "వెనక్కి వచ్చేయ్, వెనక్కి!" అభిమానంతోనే అరుస్తారు. కానీ ఆ అరుపులు విన్న పొట్టివాడే ఎక్కువ దెబ్బలు తింటాడు.

కింద రాసినవన్నీ ఆ సలహాలకు తలకిందులుగా ఉంటాయి. చదవగానే తప్పనిపిస్తాయి. అయినా ఒక నెల రోజులు పాటించి చూడమని మనస్ఫూర్తిగా అడుగుతున్నాను.

1. మొదటి రౌండులో ఒక్క దెబ్బా వేయకండి

పొడుగువాడి చెయ్యి మీకు తగిలి, మీ చెయ్యి అతనికి తగలని ఒక జాగా ఉంటుంది. జానెడో మూరెడో, అంతే. పొట్టివాళ్ళు దెబ్బలు తినేదంతా అక్కడే. దాన్ని ముందు కళ్ళతో కొలవాలి. అందుకే మొదటి రౌండంతా గార్డు ఎత్తి, అతని జాబ్ (ముందు చేతి సూటి గుద్దు) ఎక్కడిదాకా వస్తోందో, కిక్ ఎక్కడిదాకా వస్తోందో చూడండి. మీరు ఉండదగ్గ చోట్లు రెండే: అతనికి అందనంత దూరం, మీకు అందేంత దగ్గర. నడిమి జాగా దాటడానికే, నిలబడటానికి పనికిరాదు.

2. ముందు అతన్నే కొట్టనివ్వండి

అవతలివాడు నిలకడగా, గార్డుతో ఉన్నప్పుడు దూసుకెళ్తే ఎదురు దెబ్బ ఖాయం. అతను జాబ్ వేశాక ఆ చెయ్యి తిరిగి గడ్డం దగ్గరికి చేరేలోపు ఒక్క క్షణం దారి తెరుచుకుంటుంది. ఆ చేతి వెంటే మీరూ లోపలికి వెళ్ళాలి. జాబ్‌ను అరచేత్తో పక్కకి తట్టండి, లేదా తలను దాని బయటివైపుకి జరపండి. అదే క్షణంలో పాదం ముందుకు పడాలి. తల జరిగి పాదం జరగకపోతే తప్పించుకున్నారంతే, చేరువ కాలేదు. పాదం జరిగి తల జరగకపోతే దెబ్బకి మీరే ఎదురెళ్ళారు.

అతను తనంతట తాను కొట్టకపోతే భుజం కదిపి ఆశ చూపండి. పొడుగువాళ్ళకు జాబ్ అలవాటైన ఆయుధం, ఊరికే ఉండలేరు.

మైక్ టైసన్ ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలు. హెవీవెయిట్లలో అది పొట్టి కిందే లెక్క. 1986 నవంబర్ 22న తనకంటే పొడుగైన ట్రెవర్ బెర్బిక్‌ను రెండో రౌండులోనే పడగొట్టి, ఇరవయ్యేళ్ళకే ప్రపంచ చాంపియన్ అయ్యాడు. అతని గుద్దుల బలం గురించి అందరూ చెబుతారు. గురువు కస్ డిఅమాటో అతనికి నేర్పిన విద్యలో మాత్రం తల ఒకచోట నిలపకుండా లోపలికి చేరడమే సగం.

3. తల జోలికి పోకండి

పొడుగువాడి తల మీకు అన్నిటికంటే దూరంగా ఉన్న గురి. దాన్ని అందుకోవాలని పైకి సాగితే మీ మడమలు లేస్తాయి, పక్కటెముకలు బయటపడతాయి, గుద్దులో బలం పోతుంది. పొట్ట, పక్కటెముకలు మాత్రం మీ భుజానికి సరిగ్గా ఎదురుగా ఉంటాయి. నడుం వంచకుండా మోకాళ్ళు వంచి, చూపు అతని ఛాతీ మీదే ఉంచి, సూటిగా పొట్టలోకి వేయండి. కాలేయం కుడి పక్కటెముకల కింద ఉంటుంది కాబట్టి మీ ఎడమ హుక్ అక్కడికే చేరుతుంది. నాలుగైదు తగిలాక అతని మోచేతులు వాటంతటవే కిందికి దిగుతాయి. తల అప్పుడు మీది.

1971 మార్చి 8న న్యూయార్క్‌లో జో ఫ్రేజియర్ తనకంటే మూడంగుళాలకు పైగా పొడుగైన మహమ్మద్ అలీని ఓడించాడు. పదిహేనో రౌండులో అలీని పడేసిన ఎడమ హుక్ అందరికీ గుర్తే. అంతకుముందు రౌండు వెంట రౌండు అలీ నడుం మీద, పక్కటెముకల మీద పడిన గుద్దులే ఆ హుక్‌కి దారి వేశాయి.

పాయింట్ల ఆటలోనూ ఇది నష్టం కాదు. కరాటేలో ఇద్దరు తలపడే కుమితేలో గుద్దు మొహానికి వేసినా పొట్టకి వేసినా ఒకే పాయింటు. తైక్వాండోలో తల కిక్‌కి మూడు, ఛాతీ గార్డు మీద మామూలు కిక్‌కి రెండు, అదే ఒళ్ళు తిప్పి కొట్టిన కిక్ అయితే నాలుగు. పొట్టివాడికి అలా ఒళ్ళు తిప్పి వేసే బ్యాక్ కిక్ బంగారం లాంటిది.

4. దెబ్బ వస్తుంటే దగ్గరికి జరగండి

అమలాపురం దసరా ఊరేగింపులో చెడీ తాలింఖానా యుద్ధవిద్య చూసేటప్పుడు అందరి చూపూ కర్రల మీదే ఉంటుంది. ఈసారి పాదాలు ఎటు జరుగుతున్నాయో చూడండి. తిరిగే కర్రకి బలమంతా కొసలో ఉంటుంది, పట్టుకున్న పిడికిలి దగ్గర ఏమీ ఉండదు. రౌండ్ కిక్ కూడా అంతే. వెనక్కి జరిగితే కొస తగులుతుంది, లోపలికి జరిగితే తొడ తగులుతుంది.

లోపలికి చేరి రెండు మూడు దెబ్బలు వేశాక కూడా నేరుగా వెనక్కి రాకండి. పొట్టివాడు ఎక్కువగా దొరికిపోయేది ఆ తిరుగు దారిలోనే. ఒక పాదం మీద తిరిగి అతని పక్కకి చేరండి, లేదా భుజం ఆనించి అక్కడే ఉండండి.

ఒక్క హెచ్చరిక. మోకాలి దెబ్బలకు అనుమతి ఉన్న ఆటలో లోతుగా వంగకండి. అక్కడ నిటారుగానే ఉండి, తోసే కిక్‌ను చేత్తో పక్కకి మళ్ళించి అడుగు వేయాలి.

5. వెంటపడకండి

అతను కుడికి పోతే మీరు అతని వెనకాల పోవడం వృథా శ్రమ. అతను వెళ్ళబోయే వైపుకి మీరే పక్కడుగు వేసి దారి మూసేయండి. అమెచ్యూర్ బాక్సింగ్ రింగ్ తాళ్ళ లోపల ఒక్కో వైపు 6.1 మీటర్లే. మూలకి చేరినవాడికి పొడుగు చేతులు చాచే చోటుండదు.

6. మీకంటే పొట్టివాళ్ళతో ఆడండి

క్లాసులో మీకంటే చిన్నవాళ్ళు ఉంటే మెత్తగా ఆడుతూ వాళ్ళతో రౌండ్లు చేయండి. పొడుగువాడి స్థానంలో నిలబడితే ఏది చికాకు పెడుతుందో, ఏ కదలికకు మీ జాబ్ ఆగిపోతుందో మీకే తెలుస్తుంది. ఆ చికాకునే రేపు పొడుగువాడికి పెట్టండి.

7. బరువు తగ్గించుకోకండి

కింది కేటగిరీకి దిగితే ఎదుటివాళ్ళు కూడా పొట్టిగా ఉంటారని కుర్రాళ్ళు నీళ్ళు మానేసి, జాకెట్లు వేసుకుని పరుగెడతారు. మే నెల గోదావరి ఉక్కపోతలో అది ప్రాణాల మీదికి తెస్తుంది, ఎదిగే వయసులో మరీను. మన బాక్సర్ మేరీ కోమ్ ప్రపంచ టైటిళ్ళు గెలిచింది 45, 46, 48 కిలోల్లో. 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకు అన్నిటికంటే చిన్న కేటగిరీయే 51 కిలోలు. తనకంటే పెద్ద శరీరాలున్న వాళ్ళతో తలపడి ఆమె కాంస్యం తెచ్చింది. తిండి తినండి, నీళ్ళు తాగండి, పాదాలు నేర్చుకోండి.

8. స్పారింగ్‌లో ఓడిపోండి

స్పారింగ్ పోటీ కాదు, చదువు. కొత్తగా లోపలికి చేరడం నేర్చుకునేవాడు మొదట్లో ఓడకుండా ఉండలేడు. గెలవాలని చూస్తే పాత అలవాటే బయటికొస్తుంది. మాస్టార్లకు నా మనవి: రెండు నిమిషాల రౌండు పెట్టి, పొడుగువాడు జాబ్ మాత్రమే వేయాలి, పొట్టివాడు లోపలికి చేరి పొట్టని తాకితే చాలు అని చెప్పండి. పావు బలంతో ఆడించండి.

ఓడటమంటే తలకి దెబ్బలు తినడమని మాత్రం అనుకోకండి. తల తిరిగినా, చూపు మసకబారినా, వాంతి వచ్చేలా ఉన్నా ఆ రోజుకి ఆట అయిపోయింది, ఇక డాక్టరు దగ్గరికే. తలకి దెబ్బ తగిలి నాకౌట్ అయిన అమెచ్యూర్ బాక్సర్ కనీసం 30 రోజులు స్పారింగ్ కూడా చేయకూడదన్న నియమం ఊరికే పెట్టలేదు. "ఏం కాదురా, ఆడు" అన్నది ఎవరైనా సరే, ఆ మాట వినకండి. ఎత్తు తక్కువైనవాడు ఈ విద్యలో పైకి రావడానికి ఏళ్ళు పడతాయి. ఆ ఏళ్ళన్నీ ఆడాలంటే ముందు మీ తలని మీరు కాపాడుకోవాలి.