లేజరు మిషను కొటేషను: టీకా తాత్పర్య సహితం

అవతారిక

కొటేషను అనేది ఒకే పేజీ గ్రంథం. అందులో సగం లెటర్‌హెడ్డు, పావు బ్యాంకు ఖాతా వివరాలు. మిగిలిన పావులో మూడు లక్షల రూపాయల విషయం ఇమిడి ఉంటుంది. ఇంత క్లుప్తమైన రచనను టీక లేకుండా చదివి అడ్వాన్సు పంపినవాళ్ళు మన మధ్యే తిరుగుతున్నారు. వారి మీద జాలితోనే ఈ ప్రయత్నం.

మూల ప్రతి విజయవాడలో ఏలూరు రోడ్డు వెనక సందులో షీల్డులు, రబ్బరు స్టాంపులు, నేమ్‌ప్లేట్లు చేసే ఒక చిన్న దుకాణానికి వాట్సాప్‌లో వచ్చింది. దుకాణం, డీలరు కల్పితం. కొటేషను భాష మాత్రం అచ్చంగా బజారుదే.

మూలం

"పార్టీ గారికి. సీఓటూ లేజరు ఎన్‌గ్రేవింగ్ అండ్ కటింగ్ మిషను. బెడ్డు 1300 బై 900. ట్యూబు 80 వాట్లు, చిల్లరు సహితం. స్పీడు సెకనుకు 500 మి.మీ. ఆల్ మెటీరియల్స్ కట్ చేయును. ధర రూ. 3,10,000, జీఎస్టీ అదనం. వారంటీ ఒక సంవత్సరం; ట్యూబు, లెన్సు, మిర్రర్లకు వర్తించదు. ఇన్‌స్టలేషన్, ట్రైనింగు ఫ్రీ."

వినియోగం

ఈ కొటేషను మహామంత్రానికి ఋషి కుమార్ పటేల్. 1938లో మహారాష్ట్రలోని బారామతిలో పుట్టి, పుణెలో ఇంజినీరింగు చదివి, అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో పనిచేస్తూ 1964లో కార్బన్ డయాక్సైడ్ లేజరును కనిపెట్టినవాడు. కనుక డీలరు చైనా సరుకే అమ్మినా ఋషి మనవాడే. ఛందస్సు 10.6 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం, కంటికి కనిపించదు. దేవత కార్బన్ డయాక్సైడ్ వాయువు. నైట్రోజన్, హీలియం పరివార దేవతలు. బీజం వేల వోల్టుల కరెంటు. శక్తి 80 వాట్లు, వివాదాస్పదం. కీలకం ఎర్తింగు. సాకెట్టుకు మూడో కన్నం ఉన్నంత మాత్రాన అది భూమిదాకా వెళ్ళినట్టు కాదు. ఎలక్ట్రీషియన్ని పిలిచి కొలిపించాల్సిందే. నేమ్‌బోర్డు, షీల్డు, పెళ్ళి డెకరేషను సిద్ధ్యర్థే వినియోగః.

టీక

పార్టీ గారికి: కొనేవాడు ఒక్కడే. అయినా బేరం తెగేదాకా బజారులో అతను పార్టీయే. డబ్బు కట్టాక 'ఆ విజయవాడ మిషను ఆయన' అవుతాడు.

1300 బై 900: మిల్లీమీటర్లు అని అధ్యాహారం. మూలంలో లేని మాటను అర్థం కోసం వ్యాఖ్యాత తెచ్చి చేర్చుకోవడం అధ్యాహారం. ఈ గ్రంథంలో అది అడుగడుగునా అవసరం, ఒక్కొక్కదానికి ఒక్కొక్క బిల్లు. ఇక ఈ కొలతే ఎందుకంటారా? అక్రిలిక్ షీటు బజారులో ఎనిమిది బై నాలుగు అడుగులు, అంటే 2440 బై 1220 మి.మీ. దాన్ని పొడవున మూడు చేస్తే ఒక్కో ముక్క 813 బై 1220. చక్కగా పడుతుంది. ఈ లెక్క వేయకుండా చౌకగా వస్తోందని 600 బై 400 బెడ్డు కొన్నవాడు, షీట్లు తరిగించడానికి రంపం షాపు చుట్టూ తిరుగుతుంటాడు. అయితే పెద్ద మిషను మూడడుగుల తలుపులోంచి రాదు. షట్టరున్న కొట్టయితే సరే, మేడ మీద కొట్టయితే ముందు మెట్ల మలుపు కొలవండి.

80 వాట్లు: ఇక్కడ వ్యాఖ్యాతల మధ్య మతభేదం ఉంది. ట్యూబు తయారీదారు ఇచ్చేది అది నిలకడగా మోయగలిగే శక్తి. అమ్మేవాడు చెప్పేది కరెంటు ఎక్కువ తోస్తే కాసేపు వెలువడే శక్తి. తోసినకొద్దీ ట్యూబు ఆయుస్సు తరుగుతుంది. కనుక ట్యూబు మీద చీటీ ఫోటో అడగాలి: మోడలు, అనుమతించిన మిల్లీ యాంపియర్లు, తయారైన తేదీ. తేదీ ఎందుకంటే గాజు ట్యూబులోని వాయువు వాడకపోయినా మెల్లగా క్షీణిస్తుంది. గోడౌనులో ఏళ్ళు పడి ఉన్న ట్యూబు పేరుకే కొత్తది. మిషను ముఖాన అమ్మీటరు ఉందో లేదో కూడా చూసుకోవాలి. సాఫ్టువేరులో పవర్ శాతం ఎంత పెట్టినా నిజం చెప్పేది ఆ ముల్లే.

ఎక్కువ వాట్లయితే ఎక్కువ మేలని ఒక పూర్వపక్షం. ఖండన: పెద్ద ట్యూబు చిన్న పవర్ దగ్గర నిలకడగా వెలగదు. దళసరి అక్రిలిక్, ఎండీఎఫ్ కోసేవాడికి 80 సరిపోతుంది. శుభలేఖల మీద సన్నని అల్లికలు, స్టాంపుల మీద చీమతలకాయంత అక్షరాలు చెక్కేవాడికి 40, 60 వాట్లే హాయి.

చిల్లరు సహితం: 'చిల్లర సహితం' అని పాఠాంతరం. ఆ పాఠమూ అర్థవంతమే. ట్యూబును చల్లబరిచే నీటి యంత్రమే చిల్లరు. అది ఏ రకం అన్నది మూలం దాచింది. చౌక కొటేషన్లలో వచ్చేది సీడబ్ల్యూ-3000. అందులో కంప్రెసరు లేదు. రేడియేటరు, ఫ్యాను మాత్రమే. అది నీటిని గది వేడికన్నా చల్లబరచలేదు. ట్యూబుకు కావలసింది ఇరవై, పాతిక డిగ్రీల నీరు. మే నెల విజయవాడలో గది వేడే నలభై దాటుతుంది. ఆ చిల్లరును నమ్ముకోవడం రోహిణి కార్తెలో మేడ మీద ట్యాంకు నీళ్ళతో చన్నీళ్ళ స్నానం చేసినట్టు. కంప్రెసరున్న సీడబ్ల్యూ-5000 గానీ, 5200 గానీ అని కొటేషనులో రాయించుకోవాలి. అలాగని మరీ చల్లగా పెట్టినా ముప్పే. కృష్ణా తీరం ఉక్కపోతకు ట్యూబు మీద చెమట పట్టి, ఆ తడి వెంట హై వోల్టేజీ దూకుతుంది. ఇక అందులో పోసేది డిస్టిల్డ్ వాటరు, బోరు నీళ్ళు కావు.

500 మి.మీ.: అతిశయోక్తి అలంకారం. హెడ్డు అంత వేగంగా పరుగెత్తగలదు, నిజమే. పైపైన చెక్కేటప్పుడు పనికొస్తుంది కూడా. 5 మి.మీ. అక్రిలిక్ కోసేటప్పుడు మాత్రం సెకనుకు పది, పన్నెండు మిల్లీమీటర్ల దరిదాపున నడుస్తుంది. రోజుకు ఎన్ని పీసులన్న లెక్క ఈ రెండో అంకెతో వేసుకోవాలి.

ఆల్ మెటీరియల్స్: గ్రంథం మొత్తంలో ఇంత ప్రమాదకరమైన పదం లేదు. డీలరును ఫోన్‌లో అడిగితే భాష్యం ఇలా ఉంటుంది: "ఏదైనా కోసుద్ది సార్. మీరు పెట్టడమే ఆలస్యం." పెట్టకూడనివి చెప్పడం టీకాకారుడి వంతు.

మొదట లోహం. స్టీలు, ఇత్తడి, అల్యూమినియం 10.6 మైక్రాన్ల కిరణాన్ని చాలావరకు తిప్పికొడతాయి. ఇత్తడి నేమ్‌ప్లేట్ల ఆర్డర్లే ఎక్కువగా ఉన్నవాడు కొనవలసింది 1064 నానోమీటర్ల ఫైబర్ లేజరు. అది వేరే కొటేషను, వేరే టీక. ఒక్క జాగ్రత్త: సీఓటూ మిషను మూతకున్న అక్రిలిక్ అద్దం దాని కిరణాన్ని ఆపుతుంది. ఫైబర్ కిరణం మామూలు అక్రిలిక్‌లోంచి దూసుకొచ్చి నేరుగా కంటి రెటీనా చేరుతుంది. ఒకదాని కళ్ళజోడు రెండోదానికి పనికిరాదు.

తర్వాత పీవీసీ. దీన్ని కాలిస్తే హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది. అది తేమతో కలిస్తే హైడ్రోక్లోరిక్ ఆమ్లం. ముందు ఊపిరితిత్తులు, ఆ వెంటనే పట్టాలు, బేరింగులు, అద్దాలు. పీవీసీ తన పేరుతో రాదు కాబట్టే చిక్కు. ఫ్లెక్సు షాపువాడు తెచ్చే సన్‌బోర్డు అదే. బ్యాగులవాడి రెగ్జీను చాలావరకు అదే. "అన్నా, రెండే అక్షరాలు, కోసివ్వు" అంటూ సన్‌బోర్డుతో వస్తారు. అది సీఎన్‌సీ రౌటరు పని. అనుమానం ఉంటే చిన్న పరీక్ష: రాగి తీగను మంటలో ఎర్రగా కాల్చి, ఆ ప్లాస్టిక్‌కు తాకించి, అంటుకున్న ముక్కతో మళ్ళీ మంటలో పెట్టండి. మంట ఆకుపచ్చగా మారితే క్లోరిన్ ఉన్నట్టే. గాలి తగిలే ఆరుబయట చేయండి, షాపులో కాదు.

అక్రిలిక్ మాత్రం ఈ మిషనుకు పెట్టింది పేరు. అందులో రెండు జాతులు. కాస్టు షీటు మీద చెక్కితే తెల్లగా మంచు పట్టినట్టు అక్షరం తేలుతుంది, షీల్డులకు అదే కావాలి. ఎక్స్‌ట్రూడెడ్ షీటు అంచు నున్నగా తెగుతుంది, చెక్కితే తెల్లదనం రాదు. షీట్ల కొట్టువాడు ఏదిచ్చినా "అక్రిలిక్కేనండీ" అంటాడు. అది అబద్ధం కాదు.

ఇరవై వేలకు డయోడు లేజరు దొరుకుతుండగా ఇంత ఎందుకు అని ఆక్షేపం. దానిది నీలి కిరణం; రంగులేని పారదర్శక అక్రిలిక్‌లోంచి వెలుగు వెళ్ళినట్టే వెళ్ళిపోతుంది, కోయదు. పల్చటి ప్లైవుడ్డు మీద పేర్లు చెక్కేవాడికి ఫర్వాలేదు. షీల్డుల వ్యాపారికి కాదు.

ఏది కోస్తున్నా పక్కన మనిషి ఉండాలి. మిషన్ని రన్‌లో పెట్టి టీకి వెళ్ళకూడదు. అక్రిలిక్ అంటుకుంటే పక్కన మనిషి లేనిదే తెలియదు. ఎండీఎఫ్ పొగ పైవాటావాళ్ళ వంటింట్లోకి వెళ్ళకుండా ఎగ్జాస్టు గొట్టం ఎటు తిప్పాలన్నది కూడా మూలంలో లేదు.

జీఎస్టీ అదనం: 18 శాతం. 55,800 కలిపితే 3,65,800. మామూలు జీఎస్టీలో ఉన్నవాడికి ఈ పన్ను ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి కలిసొస్తుంది. కాంపోజిషన్ స్కీములో ఉన్నవాడికి అది ఖర్చే. అప్పుకు వెళ్ళేవాడికి ముద్ర కిశోర్ శ్రేణిలో 50,000 దాటి 5 లక్షల దాకా వీలుంది. బ్యాంకు మేనేజరు చదివేది కూడా ఈ కొటేషనే, టీక లేకుండా.

వారంటీ: విరోధాభాస. మిషనులో చెడేవి, కాలేవి, పగిలేవి ముఖ్యంగా మూడు: ట్యూబు, లెన్సు, అద్దాలు. వారంటీ లేనివీ ఆ మూడే. మిగిలిన ఇనప డబ్బాకు ఏడాది పాటు ఏమీ కాదని డీలరు హామీ ఇస్తున్నాడు, మనమూ నమ్మవచ్చు.

ట్రైనింగు ఫ్రీ: టెక్నీషియను పొద్దున వస్తాడు. మూడు అద్దాలు సరిచేసి, బెడ్డు నాలుగు మూలల్లోనూ చుక్క ఒకే చోట పడుతోందని చూపించి, ఇంగ్లీషులో ఒక కీచెయిను కోసి, భోజనం వేళకు బస్సెక్కుతాడు. సాయంత్రం పెళ్ళి పార్టీ వస్తుంది, తెలుగులో పేరు కావాలంటుంది. అసలు ట్రైనింగు అప్పుడు మొదలవుతుంది.

'స్వప్న' అన్న పేరు తీసుకోండి. మామూలు ఫాంటులో టైపు చేసి కోస్తే స ఒక ముక్క, దాని తలకట్టు ఒక ముక్క, కింద వ ఒత్తు ఒకటి. ప, దాని తలకట్టు, న ఒత్తు. రెండక్షరాల పెళ్ళికూతురు ఆరు ముక్కలై తేనెపట్టు బెడ్డు మీద పడుంటుంది. 'వెంకట్'లో సున్న ఒంటరిగా ఒక ఉంగరంలా రాలుతుంది, దాని నడుమ బిళ్ళ బెడ్డు సందుల్లో పడి పోతుంది. పాత డీటీపీ ఫాంట్లతో ఇంకో పేచీ. వాటిలో చాలా అక్షరాలు రెండు మూడు ముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చినవి. తెర మీద ఒకటిగా కనిపించినా లేజరు ప్రతి గీతనూ కోస్తుంది, అక్షరం నడుమ అడ్డంగా కూడా.

కోరల్‌డ్రాలో అక్షరాలన్నిటినీ కర్వ్స్‌గా మార్చి, తలకట్టును కిందికి జరిపి అక్షరానికి ఆనించాలి. ఒత్తును పైకి లేపి తగిలించాలి. ఆ తర్వాతే వెల్డు కొట్టాలి. జరపడం మరీ ఎక్కువైతే ప కాస్తా వేరే అక్షరంలా కనిపిస్తుంది. అంత ఓపిక లేనిచోట వెనక మరో రంగు షీటు పెట్టి ముక్కలు దానిమీద అంటించడం మార్గం, మెటీరియలు రెండింతలు. ఇంగ్లీషు పేరుకు పది నిమిషాలు పడితే దీనికి గంట. ఆ గంటకు డిజైను చార్జీ వేరే అని కౌంటరు మీద రాసి పెట్టుకోవాలి, అడ్వాన్సు రసీదు మీద కూడా. ఇక శిరీష అన్న పేరులో మొదటిది శ అవునో స అవునో పెళ్ళికూతురి తండ్రి చేత కాగితం మీద రాయించుకుని, కింద సంతకం పెట్టించుకుని, అప్పుడు స్టార్టు నొక్కాలి.