వీధిమలుపు కుండీ ఆత్మకథ

నా దేహము ఇనుపరేకు. వానకు తడిసి తుప్పు పట్టకుండుటకై దానిపై యశదపు పూత పూసిరి. నాలుగు చక్రములు, ఒక మూత, చెత్తలారీ తన యినుపచేతులతో నన్ను పట్టి యెత్తుటకు ఇరుప్రక్కల రెండు కొమ్ములు, 1100 లీటర్లు పట్టు ఉదరము: ఇంతియే నా స్వరూపము. హైదరాబాదు నగరములో ఒక కాలనీ వీధిమలుపున, నిద్రగన్నేరు చెట్టునీడలో, కిరాణాకొట్టునకు ఎదురుగా నన్ను దింపిననాడు నా ఆకుపచ్చరంగు ఇంకను కొత్తవాసన వీడలేదు. దింపిన పావుగంటలోనే ఒక పెద్దమ్మ మునగకాడల పిప్పిని, కొబ్బరిపీచును చేటలో పెట్టుకొని వచ్చి, నా మూత యెత్తి, అవి నాలో జారవిడిచి, చేట అంచును నా గోడకు రెండుమార్లు తట్టి దులిపి, మూత మరల దించి పోయినది. మూత దించి పోవుట యెంత పెద్ద మర్యాదయో నాకప్పుడు తెలియలేదు. ఆ మలుపున నేను గడపిన పండ్రెండేండ్లలో అట్టి మర్యాద చేసినవారిని వ్రేళ్లపై లెక్కింపగలను. వారి ముఖములు సైతము నాకు జ్ఞాపకమున్నవి.

చెట్టుక్రింద సిమెంటు అరుగొకటి యుండెడిది. విశ్రాంత చరిత్రోపాధ్యాయులొకరు ప్రతిదినము సాయంకాలమున తమ మనుమరాలిని వెంటబెట్టుకొని వచ్చి, దానిపై కూర్చుండి, ఆ పిల్ల అడిగిన ప్రశ్నకెల్ల ఓపికతో సమాధానము చెప్పుచుండెడివారు. నా వంశచరిత్రను నేను విన్నది ఆయన నోటనే. కౌటిల్యుని అర్థశాస్త్రములో వీధిలో దుమ్ము పోసినవానికి పణములో ఎనిమిదవ వంతును, బురద గాని నీరు గాని నిలుచునట్లు చేసినవానికి నాలుగవ వంతును దండన విధింపబడినదనియు, అది రాజమార్గమైనచో దండన రెట్టింపనియు ఆయన చెప్పగా, ఆ పిల్ల లేచి నా చుట్టును పడియున్న సంచులను లెక్కపెట్టి ఎన్ని పణములగునో కూడుటకు మొదలిడినది. మరియొకనాడు పారిస్ నగరము కథ చెప్పిరి. అచ్చటి పాలనాధికారియైన యూజీన్ పుబెల్ 1883వ సంవత్సరము నవంబరులో, ప్రతి యింటి యజమానియు మూతగల పాత్రలుంచి, కుళ్లునట్టి వానిని ఒకదానిలో, కాగితములను గుడ్డపేలికలను ఒకదానిలో, గాజును పింగాణీని ఆల్చిప్పలను వేరొకదానిలో వేయించవలెనని శాసించెనట. నేటికిని ఫ్రెంచివారు చెత్తకుండీని ఆయన పేరుతోనే పిలుతురట. చెత్తను వేరుచేయుట నిన్న మొన్నటి వింత యని తలచువారికి ఈ సంగతి తెలియవలెనని నాకు తోచినది.

తాము పుట్టిన పల్లెలో కుండీయే లేదని గూడ ఆయన యొకనాడు చెప్పిరి. కడుగునీళ్లు, కూరగాయల తొక్కలు కుడితితొట్టిలో పడి గేదెకు పోవును. పొయ్యిలోని బూడిద అంట్లు తోముటకు పోవును. పేడ, ఊడ్చిన తుక్కు పెరటిలోని పెంటదిబ్బపై చేరి, ఏరువాకకు ముందు బండ్లకెక్కి పొలమునకు పోవును. ఇంటినుండి వెడలిన ప్రతి వస్తువునకు ఒక గమ్యము ఉండెడిది, దానిని అందుకొనువాడు ఒకడు ఉండెడివాడు. ఆ పద్ధతి చక్కనిదే, కాని ఆనాటి యింటిలో ప్లాస్టిక్ సంచి లేదు, ఇన్సులిన్ సూది లేదు, మాడిపోయిన ట్యూబులైటు లేదు. పెంటదిబ్బ ఎరుగని వస్తువులు నా కాలమునకు వచ్చి నా కడుపులో పడినవి. చెత్త మారినది గాని, పెరటిలోనికి విసరివేసి మరచిపోవు చేతి అలవాటు మారలేదు. నా బాధలన్నిటికిని మూలము ఇదియే.

ఉదయము ఏడు మొదలు తొమ్మిది వరకు నాకు కష్టకాలము. ఆఫీసులకు పోవువారు స్కూటరు ముందటి కొక్కెమునకు రాత్రి అన్నము, కూర, పాలప్యాకెట్లు, చిన్నపిల్లల డైపర్లు అన్నియు ఒక్కటిగా కట్టిన సంచిని తగిలించుకొని వచ్చి, బండి ఆపకయే, కాలు నేల మోపకయే, నా వైపు విసరివేసి పోవుచుండిరి. మూత మూసియున్నచో సంచి దానిపై పడి జారి నేలబడును. తెరచియున్నను సగమునకు గురి తప్పును. ఆ సంచి పగిలినపుడు వచ్చిన శబ్దము వినుటకు ఆ బండివాడు అక్కడ ఉండడు. కుక్కలు వచ్చును, తరువాత కాకులు వచ్చును, చివరకు ఆవు వచ్చును.

ఆవును గూర్చి చెప్పక తప్పదు. గోవునకు నమస్కరించి వీధి దాటు నా తెలుగువారే, మిగిలిన అన్నమును ముడివేసిన సంచిలో పెట్టి దాని ముందు పడవేయుచున్నారు. ఆవునకు వ్రేళ్లు లేవు, ముడి విప్పలేదు. అన్నపు వాసన పట్టుకొని సంచితో గూడ మ్రింగును. మ్రింగిన సంచి దాని మొదటి జీర్ణకోశములో నిలిచిపోయి, నెమరునకు పైకి రాదు, క్రిందికి దిగదు. ఏండ్ల తరబడి పేరుకొని పశువును ఆకలి తెలియని రోగిని చేయును. పుట్టపర్తిలోని కరుణ సొసైటీ వారు ఆవుల కడుపులు కోయించి లోపలి ప్లాస్టిక్ ముద్దలను తీయించిరనియు, ఆ వ్యవహారము సుప్రీంకోర్టు వరకు పోయెననియు ఉపాధ్యాయులు మనుమరాలికి చెప్పుచుండగా నేను వింటిని. నా ఎదుట మేసి పోయిన ఒక తెల్లావును ఆ పిమ్మట నేను మరల చూడలేదు. అన్నము మిగిలినచో విప్పి ఆకులో పెట్టినను చాలునే!

2016వ సంవత్సరము ఏప్రిల్ 8న కేంద్రప్రభుత్వము ఘనవ్యర్థముల నిర్వహణ నియమములను ప్రకటించినది. కొన్నాళ్లకు వాని సారాంశము అచ్చువేసిన కాగితమొకటి నా నుదుట అంటించిరి: ఇంటిలోనే తడి, పొడి, హానికరము అని మూడుగా వేరుచేయవలెను, వీధిలో గాని, మురుగుకాలువలో గాని, చెరువులో గాని వేయరాదు, తగులబెట్టరాదు, పాతిపెట్టరాదు. చదివినవారు తక్కువ. నన్ను దాటునపుడు మాత్రము అందరును ముక్కు మూసికొనెడివారు. ఆ దుర్వాసన తొక్కలది కాదని వారికి ఎవరైన చెప్పియుండవలసినది. గాలి తగిలిన తొక్క ఎండును, లేదా మెల్లగా ఎరువగును. గాలి చొరని సంచిలో బిగించినపుడే అది కుళ్లి, మీథేను వాయువును పుట్టించి, దుర్గంధము వెదజల్లును. తడిని సంచిలేక విడిగా అందించిన యింటిలో గాని, దానిని మోయు బండిలో గాని ఇంత వాసన యుండదు.

ఇక నేను మరువలేని యుదయము. దీపావళికి ముందు ఇండ్లు దులుపు దినములవి. మనవారు దేవుని పటమును కుండీలో వేయరు, మనసొప్పదు. ప్రక్కన ఆనించి, కండ్ల కద్దుకొని పోవుదురు. ఆ విధముగనే ఎవరో పాత లక్ష్మీదేవి పటమును చట్రముతో, అద్దముతో నా చక్రము ప్రక్కన నిలిపి, చేయి జోడించి పోయిరి. రాత్రి ఒక బరువైన సంచి వచ్చి దానిపై పడినది. అద్దము పగిలి పెంకులు చిందినవి. సంచి చిరిగి సాంబారన్నము వానిపై పరచుకొన్నది. తెల్లవారినది. పొరక, తట్ట పట్టుకొని మా వీధి ఊడ్చు అవ్వ వచ్చినది. నా చక్రమునకును గోడకును నడుమ ఇరుకులో ఉన్న ఆ ముద్ద పొరకకు అందలేదు. వంగి, చేతితో తీసినది. తొడుగు పలుచనిది. బొటనవ్రేలి మొదట అద్దపుముక్క దిగినది.

ఆమె కేక వేయలేదు. చేయి పైకెత్తి పట్టుకొని కిరాణాకొట్టు మెట్లపై కూర్చుండగా, కొట్టువాడు చెంబుతో నీళ్లు పోసి, గుప్పెడు పసుపు అద్దినాడు. బడిబస్సు కొరకు నిలుచున్న ఉపాధ్యాయుల మనుమరాలు పరుగెత్తుకొని వచ్చి, "అవ్వా, రక్తం!" అని ఏడ్పుగొంతుతో అన్నది.

"ఏం గాదు బిడ్డా. అన్నంల పెంక కనబడలే. కాయితంల సుట్టి పెడితే తెలుస్తుండె" అని అవ్వ దానినే ఓదార్చినది. కాసేపటికి లేచి, రెండవ చేతితో మిగిలిన వీధియంతయు ఊడ్చినది. ఆ పటమును మాత్రము చట్రమునుండి విడదీసి, తుడిచి, తన బండి ముందు భాగమున పెట్టుకొన్నది.

నెల గడచిన పిదప ఒకనాటి యుదయము ఆ పిల్ల చేత కాగితపు పొట్లముతో వచ్చినది. ఇంటిలో గాజుగ్లాసు పగిలినదట. ముక్కలను అట్టపెట్టెలో వేసి, దానిపై వార్తాపత్రిక నాలుగు మడతలు చుట్టి, పురికొసతో కట్టి, ఎర్రసిరాతో పెద్ద యక్షరములు వ్రాసినది. నా మూత యెత్తలేదు. అవ్వ వచ్చువరకు నిలిచి, ఆమె చేతికిచ్చినది. "ఏం రాసినవ్ బిడ్డా? నాకు సదువు రాదు" అని ఆమె యడిగినది. "గాజు పెంకులు, జాగ్రత్త అవ్వా" అని ఆ పిల్ల వ్రేలు పెట్టి చదివినది. పండ్రెండేండ్లలో ఈ నగరము నా యెదుట టన్నుల కొలది వస్తువులు వదలుకొన్నది. అప్పగించుట యన నేమో ఆ పొట్లములో చూచితిని.

ఆ పిల్ల చేసిన దానినే మిగిలిన వస్తువులకును చేయవచ్చును. మధుమేహమున్న యింటివారు సూదులను మందమైన ప్లాస్టిక్ సీసాలో వేసి మూత బిగించి యిచ్చినచో ఏ చేతికిని గ్రుచ్చుకొనదు. ఋతుకాలపు గుడ్డలను, డైపర్లను కాగితములో చుట్టి దానిపై ఎర్రని చుక్క పెట్టు ఆచారము బెంగుళూరులో, పూణెలో కొన్ని యిండ్లవారు పాటించుచున్నారు. ఆ చుక్కను చూచిన కార్మికురాలు పొట్లము విప్పదు. ట్యూబులైటులో పాదరసమున్నది, దానిని విరుగగొట్టి నాలో కుక్కరాదు, వేరుగా చేతికియ్యవలెను. సాంబ్రాణి ధూపము వేసిన బొగ్గులపై నీళ్లు చల్లక నాలో పోసినందున రెండుమార్లు నా కడుపు అంటుకొని, రంగంతయు మాడి, పైనున్న నిద్రగన్నేరు కొమ్మ గూడ ఎండిపోయినది. సగము కాలిన టపాకాయలును అంతే. ఒక రాత్రి బకెట్టు నీళ్లలో నానినచో వాని ప్రాణము పోవును.

బస్సుస్టాపులలో, పార్కు గుమ్మములలో నిలిచియున్న నా చిన్న తమ్ముళ్ల మాట గూడ చెప్పవలెను. ఆకుపచ్చ, నీలము రంగుల ఆ జంటబుట్టలు దారిన పోవువాని కొరకు పుట్టినవి: ఒక అరటితొక్క, ఒక వేరుశనగ పొట్లపు కాగితము, ఒక టికెట్టు. ఇంటింటికి వచ్చు బండివానికి నెలసరి రుసుము ఇయ్య నిష్టములేని కొందరు వేకువనే నడకకు వచ్చుచు ఇంటి మూటను తెచ్చి ఆ బుట్టలో దిగగొట్టుదురు. ఎనిమిదింటికే బుట్ట నిండును; ఆపై అరటిపండు తిన్న ప్రయాణికుడు తొక్క చేతబట్టుకొని అటునిటు చూచి, తప్పనిసరియై నేలపై వేయును. అతనికి ఉంచిన చోటును మరియొకరు దొంగిలించిరి. ఇంతకంటె మెత్తని మాట నాకు దొరకుట లేదు.

2015వ సంవత్సరము చివర స్వచ్ఛ ఆటోలు వచ్చినవి. తడికి ఆకుపచ్చ డబ్బా, పొడికి నీలము డబ్బా ఇండ్లకు పంచిరి. ఇంటిగడపనే చెత్తను అందుకొనువారు వచ్చిన పిమ్మట వీధిలో కుండీలెందుకని నగరమంతట మమ్ము తీసివేయసాగిరి. అది మంచి నిర్ణయమే. నాకు ఫిర్యాదు లేదు. నన్నెత్తుకొని వచ్చి పట్టణపు అంచున నొక ఖాళీస్థలములో వరుసగా నిలిపిరి. నా చోటు కడిగి, సున్నము చల్లి, అవ్వయే అక్కడ ముగ్గు వేసినదని లారీ డ్రైవరు చెప్పగా వింటిని. ముగ్గును త్రొక్కుటకు మనవారికి కాలు రాదు. కాని మరునాటి యుదయమున ముగ్గునకు జానెడు దూరమున ముడివేసిన సంచి యొకటి పడియున్నదట.

ఆ సంచి కట్టినవారు ఈ వ్రాత చదువుదురేమో నేనెరుగను. చదివినచో వారికి నాదొక ప్రార్థన: రేపు ఆటో గంట వినబడినపుడు క్రిందికి దిగి రండు. తడి విడిగా, పొడి విడిగా ఇండు. ఇంటిలో గాజు పగిలియున్నచో కాగితములో చుట్టి, పైన ఆ మాట వ్రాసి, అందుకొనువారి చేతికిండు. వారికి చదువ రానిచో, ఆ పిల్ల వలె, చదివి వినిపించుడు.