మానేటి ఒడ్డునుండి తరలివచ్చిన మోటగిరక ఆత్మకథ

నేను మోటగిరకను. నా జన్మస్థానము నాటి ఆదిలాబాదు జిల్లాలోని జన్నారపు అడవి. పని నేర్చినది కరీంనగరమునకు చేరువగా మానేటి ఒడ్డుననున్న యొక పల్లెలో. నేడు నేనున్నది ఆ పల్లె నీట మునిగిన పిమ్మట దానికి బదులుగా మెట్టపై వెలసిన కొత్త ఊరిలో. ఒక బావికై పుట్టిన గిరకను వేరొక బావికి మార్చుట ఎంతటి పనియో, ఆ మార్పులో ఏది వెంటవచ్చునో ఏది రాదో స్వయముగా అనుభవించినదానను గనుక, ఆ వృత్తాంతమునే ముఖ్యముగా చెప్పదలచితిని.

నిజాము పాలన కడపటి యేండ్లలో వేసవి వచ్చెనా, టేకు మొద్దులు ఎడ్లబండ్లకెక్కి గోదావరి ఇసుకమేటలు దాటి దక్షిణపు గట్టునకు చేరుచుండెను. అట్లు చేరిన యొక మొద్దునుండి ఊరి వడ్లాయన నన్ను చెక్కెను. నా అంచుచుట్టు లోతైన గాడి తీసి, నడుమ రంధ్రము తొలిచి, ఆముదము పట్టించి, బావి ఒడ్డున రెండు స్తంభముల నడుమ ఇనుప ఇరుసుపై నన్ను నిలిపెను.

మోట యనగా నేనొక్కతెనే కాను. నా గాడిమీదుగా పోవు లావుపాటి మోకు తోలు బొక్కెనను మోయును. నాకు దిగువన, తొట్టి అంచున, పొడవైన దుంగ యొకటి దొర్లుచుండును. దానిమీదుగా పోవు సన్నతాడు బొక్కెన అడుగుననున్న తోలుతొండపు మూతిని పట్టియుంచును. ఎడ్లు ఏటవాలు బాటలో దిగునంతసేపు తొండము పైకి మడిచియుండును గనుక నీరు జారదు. బొక్కెన నన్ను సమీపించినంతనే సన్నతాడు తొండమును తొట్టిలోనికి లాగును, నూరు లీటర్లకు మించిన నీరు ఒక్కుమ్మడిగా కాలువలోనికి దూకును. నీటిని ఒంపుటకు రెండవ మనిషి అక్కరలేదు. ఈ యేర్పాటును తొలుత ఊహించిన మహానుభావుని పేరు లోకమునకు దక్కకపోయినది గాని, అంతటి బుద్ధిమంతుని నేను వేరొకని నెరుగను. మోట కొట్టువాడు దిగునప్పుడు తాడుపై కూర్చుండి తన బరువునుగూడ ఎడ్లకు సాయముచేయును. ఎక్కునప్పుడు వాటిని వెనుకడుగులు వేయించును. వెనుకనడక నేర్వని ఎద్దు ఎంత బలిష్ఠమైనను మోటకు కొరగాదు.

ఇచ్చట ఒకరిని తలచుకొనక ముందుకు సాగలేను. తంగేడు చెక్కతో తోలు పదునుచేసి, బొక్కెనను, తొండమును కుట్టి యిచ్చిన మాదిగ పెద్దమనిషికి కళ్లమునొద్ద కొలిచిన ధాన్యమే కూలి. నా నునుపును మెచ్చినవారు పెక్కుమంది. తొండపు కుట్టును మెచ్చినవారు అరుదు. ఆ కుట్టు విడిన దినమున నేనెంత తిరిగినను మడి తడియదు. పొలమునకు పారిన ప్రతి చుక్కయు ఆయన చేతి కుట్టును దాటి పోయినదే. అయినను ఊరి మంచినీళ్ల బావినుండి తోడుకొను హక్కు ఆయనకు లేకుండెను. ఈ అన్యాయము నాకు నేటికిని బాధగానే యున్నది.

నా పనిని దూరదేశములవారు గాలిచేత చేయించిరి. అమెరికాలో 1854లో డేనియల్ హాలడే యనునతడు గాలి మళ్లినవైపునకు తనంత తానే తిరుగు మరను కల్పించెను. 1888లో చికాగో నగరమున ఏర్మోటర్ సంస్థ ఉక్కురెక్కల మరలను అమ్మ మొదలిడెను. పాతబడిన ఆ మరల గోపురములను నేల కొరగించి, రెక్కలు విప్పి, వేరొక పొలమున నిలుపు నేర్పరులు అక్కడ నేటికిని కలరు. గత శతాబ్దపు ఆరంభమున మదరాసులో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ అను ఇంజనీరు గాలిమరతో పొలములకు నీరు తోడించి చూచెను. మా సీమలో మాత్రము ఆ విద్య పాతుకొనలేదు. ఇక్కడ గాలి బలముగా వీచునది మృగశిర కార్తె మొదలుకొని వానలు కురియు నెలలలో. అప్పుడు బావితో అంత పనిలేదు. యాసంగి పైరు నోరు తెరచుకొని చూచునప్పుడు ఆకైనను కదలదు. అందుచేత మాకు ఎడ్లే గాలి.

1963 జూలై 26న జవహర్‌లాల్ నెహ్రూ పోచంపాడునొద్ద గోదావరిపై ఆనకట్టకు పునాదిరాయి వేసిరి. దానినుండి వెడలు కాకతీయ కాలువ 146 కిలోమీటర్లు నడచివచ్చి కరీంనగరము దాపున చేరుటకై మానేటిపై ఒక జలాశయమును సంకల్పించిరి. 1974లో మొదలైన ఆ దిగువ మానేరు కట్ట 1985 నాటికి పూర్తియయ్యెను. 24 టి.ఎం.సి.ల నీరు పట్టు ఆ గర్భములోనిదే మా పల్లె. వరంగల్లు వైపు పొలములను తడుపు ఆ నీటిని నేను ద్వేషింపలేదు. నీటిని పైకి తెచ్చుటయే బ్రతుకైన నేను నీటిని ఎట్లు ద్వేషింతును? కాని పరిహారపు లెక్కలో ఇంటికి, భూమికి, బావికి వెల కట్టిరేగాని, తరతరముల ఎడ్ల గిట్టలచే గట్టిపడిన మోటబాట ఎవరి కంటికిని ఆనలేదు. దాని విలువ ఎరిగినవారిని అడిగియుండవలసినది.

ఊరు ఖాళీచేయు దినములలో జనులు తలుపులు, దూలములు, వాసములు విప్పుకొని బండ్లకెత్తుచుండిరి. నన్ను చూచి, మా బావి యజమానియైన ముసలాయన పెద్దకొడుకు తండ్రితో అనెను: “గీ పాత గిరకెందుకే బాపూ? కొత్తూర్ల కరెంటొస్తదంటున్నరు గద.”

“కరెంటు వచ్చుడు, పోవుడు మన చేతులున్నదారా? గిరకను ముందుగాల బండ్లెయ్యి,” అని ముసలాయన సమాధానము చెప్పెను.

నన్ను చెక్కిన వడ్లాయన అప్పటికి గతించెను. ఆయన కొడుకు వచ్చెను. ఆ పనివాని తీరు మెచ్చదగినది. మొదట నన్ను ముట్టుకొనక, బావిచుట్టు తిరిగి, స్తంభముల ఎడమును, తొట్టి ఎత్తును, నానుండి దుంగవరకు గల దూరమును ఒక మోకుముక్కతో కొలిచి, కొలతకొక ముడి వేసికొనెను. అటుపిమ్మట ఏ కొయ్య బావివైపునకున్నదో, ఏది బాటవైపునకున్నదో తెలియునట్లు ఉలితో గాట్లు పెట్టెను. ఇరుసును ఊడదీసి ఎండలో త్రిప్పి చూచెను. బరువంతయు మోసిన పైభాగము వ్రేలిమందమున అరిగి, అడుగుభాగము కొలిమినుండి వచ్చిన నాటివలెనే నిండుగానుండెను. “దీన్ని బోర్లిచ్చి పెడితె ఇంకో తరం నడుస్తది తాతా,” అని ఆతడు చెప్పినంతనే, ముసలాయన ఇరుసును చేతికి తీసికొని అరిగిన చోటును చాలసేపు బొటనవ్రేలితో తడవుచుండెను.

కొత్తచోట గట్టిరాయి తగిలినందున బావిని మిక్కిలి లోతుగా త్రవ్వవలసివచ్చెను. బావి ఎంత లోతో మోటబాట అంత పొడవుండవలెను. లేనిచో ఎడ్లు బాట చివరకు చేరినను బొక్కెన నీటికిని నాకును నడుమనే వ్రేలాడును. పాతకొలతల ముడులలో స్తంభములకు సంబంధించినవి సరిపోయెను, బాటకు సంబంధించినది సరిపోలేదు. పెరటి చింతమొలకలను రెండింటిని పెరికి, బాటను పొడిగించి, కొత్త మోకును పేనించిరి. నిన్నమొన్నటివరకు పాతబాటలో కన్నులు మూసికొని నడచిన ఎడ్లు కొత్తబాటలో అలవాటైన దూరము దిగి టక్కున నిలిచిపోయెడివి. వాటి కాళ్లకు పాతబావి లోతు కంఠస్థము. అదిలించినను కదలవు, ముసలాయన ముందు నడచి, పచ్చగడ్డి చూపుచు, మిగిలిన నాలుగడుగులు వేయింపవలసివచ్చెను. కొయ్యను, ఇనుమును, త్రాడును బండిపై తేవచ్చును గాని ఎడ్ల కాళ్లలోని కొలతను ఏ బండిపై తేగలము? నాకును ఆ కాలము సుఖముగా గడవలేదు. గాడిలో ఒక వంకకు అరుగుదల యెక్కువ యుండుటచే కొత్తమోకు ప్రక్కకు జారి కిర్రుమనుచుండెను. వడ్లాయన మరల వచ్చి గాడిని సమముగా చెక్కి ఆముదము పోసిన పిదప మోకు కుదురుకొనెను, నీరు తొట్టిలోనికి దూకెను, మిరపమడులు తడిసెను.

కొన్నేండ్లకు కరెంటు మోటరు వచ్చెను. అది వచ్చుట మేలే. చలిలో తెల్లవారుజామున లేచి మోట కొట్టిన మనుజుల వెన్నునొప్పిని ఎరిగినదానను గనుక, ఆ శ్రమ తిరిగి రావలెనని నేను కోరను. తోలుబొక్కెన ఎండి పగిలెను. కుట్టువారి పిల్లలు చదువులకు పోయిరి, పోవలసినదే. బాటను పూడ్చి కందులు విత్తిరి. ఊరిలోని గిరకలలో పెక్కు వంటచెరకుగా పోయినను నాకు పని తప్పలేదు. బోర్లవలన నేలలోని నీరు అడుగంటుచున్న కొలది బావులను ఇంకను లోతుచేయక తీరకుండెను. ప్రతి వేసవిలోను ముసలాయన మనుమలు నన్ను స్తంభములకెక్కించి, తోలుబొక్కెనకు బదులు ఇనుపగంప కట్టి, ఎడ్లకు బదులు ట్రాక్టరును తగిలించి, బావినుండి పూడికను, పగిలిన రాళ్లను పైకి లాగించుచున్నారు. నీటికంటె రాయి బరువు. అందుచే నా ఇరుసు రెండవవైపునను అరగసాగినది. వచ్చు వేసవికి ముందే కొత్తది చేయింపవలెనని మొన్న పెద్దమనుమడు కమ్మరికి చెప్పి వచ్చెను.