తేదీ కలిస్తే చుట్టాలే

దినపత్రికలో రాశిఫలాల పక్కన ఓ చిన్న పెట్టె ఉంటుంది. ‘చరిత్రలో ఈ రోజు’ అని దానికి పేరు. అందులో చోటు దొరకాలంటే మనిషి ప్రముఖుడై ఉండాలి, తేదీ చూసుకుని పోయి ఉండాలి. సెప్టెంబర్ 28నే తీసుకుంటే 1895లో లూయీ పాశ్చర్, 1970లో ఈజిప్టు అధ్యక్షుడు నాసర్, 2023లో ఎం.ఎస్. స్వామినాథన్. బతికుండగా ఒకరి గడప ఒకరు తొక్కిన పాపాన పోనివాళ్లు, పోయాక ఒకే పెట్టెలో ఇరుక్కుని కూర్చుంటారు. 1991లో అయితే ఒకే రోజు ఇద్దరు. అమెరికాలో జాజ్ ట్రంపెట్ వాయించే మైల్స్ డేవిస్, ఇక్కడ దుర్గ్ జిల్లా భిలాయిలో కార్మిక నాయకుడు శంకర్ గుహ నియోగి.

మనిషికి రెండు లైన్లు. పుట్టుక, ఘనత, మరణం. ఆ రెండు లైన్లలో అందరూ మర్యాదగా ‘కన్నుమూస్తారు’. నాసర్ గుండెపోటుతో కన్నుమూశాడు, సరే. నియోగి కళ్లు అప్పటికే మూసుకుని ఉన్నాయి. హడ్కో కాలనీ ఇంట్లో నిద్రపోతుంటే తెల్లవారుజామున కిటికీలోంచి కాల్చారు. 1997లో దుర్గ్ సెషన్స్ కోర్టు పారిశ్రామికవేత్తలతో సహా శిక్షలు వేసింది. మరుసటి ఏడాది హైకోర్టు అందర్నీ వదిలేసింది. 2005లో సుప్రీంకోర్టు తుపాకీ పేల్చినవాడికి మాత్రం జీవిత ఖైదు ఖాయం చేసింది. ఇంత రామాయణం రెండు లైన్లలో పట్టదు. కాబట్టి పెట్టె రాసే పెద్దమనిషి ‘అస్తమించారు’ అని రాసి చేతులు దులుపుకుంటాడు.

ఇంకొందరికి తేదీ కలిస్తే దైవలీల కనిపిస్తుంది. షేక్‌స్పియర్, సెర్వాంటెస్ ఇద్దరూ 1616 ఏప్రిల్ 23నే పోయారని తెగ మురిసిపోతారు. అప్పటికి స్పెయిన్ కొత్త క్యాలెండర్‌లోకి మారింది, ఇంగ్లండ్ మారలేదు. లెక్క సరిచేస్తే షేక్‌స్పియర్ పది రోజులు ఎక్కువే బతికాడు. ఈ లీలల పిచ్చికి అంతు లేదు. పాశ్చర్ పోయిన రోజే, అంటే 1895 సెప్టెంబర్ 28నే, వినుకొండలో గుర్రం జాషువా పుట్టాడు. రేబిస్ టీకాకీ ‘గబ్బిలం’ కావ్యానికీ ముడిపెట్టే మేధావి ఇంకా తారసపడలేదు గానీ, ఎంతో దూరం లేదు.

అసలు చిక్కు ఇంకోటుంది. స్టీల్ ప్లాంటులో పనికని శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చి భిలాయిలో స్థిరపడ్డ తెలుగు ఇళ్లలో తద్దినం తిథిని బట్టి పెడతారు, తేదీని బట్టి కాదు. ఆ లెక్కన నాసర్‌ది అమావాస్య ముంగిట, స్వామినాథన్‌ది పౌర్ణమి ముంగిట. పెట్టెలో ఒకే పంక్తిలో కూర్చున్నవాళ్లకు పంచాంగంలో పొత్తే కుదరదు.

పెట్టెకు బాగా ముద్దొచ్చే తేదీ జులై 1. డాక్టర్ బి.సి. రాయ్ 1882లో ఆ రోజే పుట్టి, 1962లో ఆ రోజే పోయాడు. ఎడిటర్‌కు అంతకన్నా ఏం కావాలి? 1992లో అదే జులై 1న భిలాయి పవర్‌హౌస్ స్టేషన్ దగ్గర పట్టాల మీద కూర్చున్న కార్మికుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. పది మందికి పైగా చనిపోయారు. వాళ్లకు పెట్టెలో చోటు లేదు. పుట్టిన తేదీలు ఎవరూ రాసిపెట్టలేదు, ఫొటోలు దొరకవు, పైగా పది పేర్లు వేస్తే రాశిఫలాల్లో మీనం ఎగిరిపోతుంది.

అక్టోబర్ 9 అయితే మరీ రద్దీ. 1967లో చే గువేరా, 2006లో కాన్షీరాం, 2024లో రతన్ టాటా. విప్లవానికీ, బహుజన రాజకీయానికీ, ఉక్కు వ్యాపారానికీ ఒకే బెంచీ వేశారు. అదే తేదీన 2018లో భిలాయి కర్మాగారంలో కోక్ అవెన్ గ్యాస్ పైపు దగ్గర మరమ్మతు చేస్తుండగా మంటలు లేచి పది మందికి పైగా పోయారు. ఉక్కు పెద్దమనిషి ఉంటాడు, ఉక్కు చేస్తూ కాలిపోయినవాళ్లు ఉండరు. ‘ప్రముఖులు’ అన్న మాట పెట్టె పైన ఊరికే వేయలేదు మరి.

తేదీని పట్టుకోవడం తెలిసినవాళ్లు లేకపోలేదు. భిలాయికి ఇనుప ఖనిజం పంపే దల్లీ రాజహరాలో 1977 జూన్ 2, 3 తేదీల్లో పోలీసు కాల్పుల్లో పదకొండు మంది చనిపోయారు. గని కార్మికులు తలా కొంత వేసుకుని శహీద్ ఆస్పత్రి కట్టుకున్నారు. 1983లో జూన్ 3నే తెరిచారు. ఆ రోజు పేపర్లో కాఫ్కాకు రెండు లైన్లు ఉంటాయి, మిగిలిన చోట సుడోకు.